నవ్వొద్దన్నారు

చలికాలంలో అరకు దగ్గర మా ఊళ్ళో రెండే పనులు. పగలు కాఫీ పళ్ళు కొయ్యడం, పొద్దుగూకే వేళకు పొయ్యి దగ్గర చేరి టీవీ చూడడం. ఈసారి చూసినవెలా ఉన్నాయని అడిగితే నా నోట మంచి మాట రాదు. ఒక సీరియల్లో అత్తగారు విషం కలిపిన పాలగ్లాసు పట్టుకుని వారమంతా గుమ్మంలోనే నిలబడింది. పాపం, ఆ పాలు విరిగిపోయుంటాయని మా అమ్మ బెంగ. ఒక పెద్ద సినిమాలో హీరో మా ఘాట్ రోడ్డు మీద ఒంటి చేత్తో లారీ ఆపేశాడు. ఓసారి మా సంత జీపుకు వేలాడుతూ ఆ రోడ్డెక్కి చూడమనండి, తెలుస్తుంది. ఇంకోదాంట్లో కొండపిల్ల వేషం కట్టిన అమ్మాయి మొహానికి నల్లరంగు పూసుకుంది, మెడ సంగతి మరిచిపోయింది. పాటల్లో మాత్రం మా కొండలు బాగుంటాయి. ఆ కొండల్లో మనుషులు కనబడగానే ఈ సినిమావాళ్ళకు గంజాయి, తుపాకులు గుర్తొస్తాయి.

వీటన్నిటినీ అమ్మ ఓపిగ్గా చూసిందంటే కారణం ఒకటే. తను నటించిన సిరీస్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూపు.

నిరుడు చైత్రంలో ఇటుకల పండక్కి, అదే మా వేట పండక్కి, మగవాళ్ళు అడవికి పోయారు. ఆ రోజుల్లో రోడ్డు ఆడవాళ్ళది. అడ్డంగా కర్ర పట్టుకుని, వచ్చే పోయే బళ్ళను ఆపి, పాడి, ఆడి, ఇచ్చింది పుచ్చుకుని, నవ్వుతూ దారి వదులుతారు. మా ఊరి కర్రకు ముందు కొస ఎప్పుడూ అమ్మదే. ఆ రోజు ఆగిన బళ్ళలో ఒకటి షూటింగువాళ్ళది. దిగారు, ముచ్చటపడ్డారు, కెమెరా పెట్టారు. మళ్ళీ చెయ్యమన్నారు, కానీ నవ్వొద్దన్నారు. కెమెరాకు నవ్వు బాగోదట. బండి ఆపి నవ్వకుండా ఉండడం అమ్మకు చేతనవుతుందా? పళ్ళు బిగబట్టి, కళ్ళు పెద్దవి చేసి, ఎట్టకేలకు వాళ్ళు మెచ్చేలా నిలబడింది. ఆ సాయంత్రమే సంతకెళ్ళి, తను టీవీలో వస్తున్నానని ఊరూరికీ చెప్పుకుంది.

చలికాలం చివర్లో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ సిరీస్ వచ్చింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా మా ఇంట్లోనే. అమ్మ కొత్త చీర కట్టుకుని ముందు కూర్చుంది. చైత్రంలో మాకు లేని మంచు కూడా తెరమీద దట్టంగా వేశారు. పోలీసు జీపు వస్తోంది. ఈ కొండల్లో బండి ఆగిందా, ప్రాణం పోయినట్టేనని వెనకనుంచి ఎవడిదో గంభీరమైన గొంతు. అప్పుడు వచ్చింది అమ్మ మొహం, తెరనిండా, పళ్ళు బిగబట్టి. ఆ ఆడవాళ్ళు గంజాయి ముఠా మనుషులట, బళ్ళాపి దోచుకుంటారట. హీరో గాల్లోకి తుపాకీ పేల్చాడు. మావాళ్ళ చీరల్లాంటివే కట్టించి ఎవరినో పరుగెత్తించి వెనకనుంచి చూపించారు. అంతే, అమ్మ నటన అయిపోయింది.

పక్కింటి పెద్దమ్మ లేచి, మేకలకు నీళ్ళు పెట్టాలంటూ వెళ్ళిపోయింది. మిగతావాళ్ళూ ఆమె వెనకే కదిలారు. అమ్మ మాత్రం నా వైపు తిరిగి, నేనేదో తనను తప్పుపట్టినట్టు చెప్పింది.

"నవ్వొద్దన్నారు గదే. అందుకే నవ్వనేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. షూటింగు మేనేజరు ఇచ్చిపోయిన నంబరుకు పట్టుబట్టి ఫోన్ చేశాను. చివరికెవడో ఎత్తాడు. కథే కదా మేడమ్, లైట్ తీసుకోండి అన్నాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టి ఏం లాభం? వాడు ఎప్పుడో ఫోన్ పెట్టేశాడు. వాడి తల్లి మొహానికి ఆ గంజాయి ముఠా మాటలు తగిలించి ఊరందరికీ చూపిస్తే తెలిసొచ్చేది లైటో కాదో.

ఈ చైత్రంలో అమ్మ రోడ్డు మీదికి రాదనుకున్నాను. వచ్చింది. ముందు కొస తనే పట్టుకుంది. టూరిస్టుల కార్లు దూరంనుంచే అద్దాలు ఎత్తుకుంటున్నాయి. ఒకావిడ అద్దం వెనకనుంచి మమ్మల్ని ఫోనులో వీడియో తీస్తూ, ముందున్నతని భుజం తట్టి అమ్మను చూపించింది. కారు వేగం పెంచింది. గుద్దేస్తుందేమోనని మేమే గబుక్కున కర్ర ఎత్తేశాం.

తరవాత చూస్తే అమ్మ తీరు మారింది. ఇంకా ఎవరూ పాట ఎత్తుకోలేదు, బండి ఇంకా మలుపు కూడా తిరగలేదు, హారన్ వినబడడమే ఆలస్యం, ఖాళీ రోడ్డును చూస్తూ పళ్ళన్నీ కనబడేలా నవ్వడం మొదలుపెట్టింది. అది అమ్మ నవ్వు కాదు. చూడలేకపోయాను. ఎవరూ లేరు కదమ్మా, ఎందుకలా నవ్వుతున్నావని అడిగాను.

అమ్మ రోడ్డు మీదనుంచి చూపు తిప్పలేదు, నవ్వూ ఆపలేదు.

"ముందే కనపడాల కదే గుంటా. నేకపోతే బయపడిపోతారు."