ఖాళీ ఇల్లు రాయకూడదు

అరకులో నేను పనిచేసే గ్యాలరీ ఒకప్పుడు కాఫీ గింజల గోడౌను. విశాఖపట్నం నుంచి వచ్చిన మేడం దాన్ని తీసుకుని, లోపల గోడలన్నిటికీ తెల్ల రంగు వేయించారు. నెలకో రెండు నెలలకో ఒక ఎగ్జిబిషన్ పెడుతుంటారు. తాళం నా దగ్గరే ఉంటుంది. పొద్దున్నే తలుపు తీయడం, ఊడవడం, తడిగుడ్డ పెట్టడం, జనం వచ్చినప్పుడు మూల స్టూలు మీద కూర్చుని ఎవరూ ఏదీ ముట్టుకోకుండా చూడటం నా పని. నేను ఐదో తరగతితో బడి మానేశాను. ఇలా కూర్చుని రాయడం ఇదే మొదలు. ఇందులో మా అమ్మ పేరు మాత్రం రాయను. పేరు పెడితే పిలిచినట్టే. ఒకసారి పిలిచి ఏం చేశానో అదే ఇప్పుడు చెప్తున్నాను.

ఆ హాల్లో ఒక్కదాన్నే ఉండాలంటే మొదట్లో భయం వేసేది. ఇల్లంటే పొయ్యి, మంచం, ఏదో ఒక వాసన ఉండాలి. అక్కడ ఏ వాసనా ఉండదు. మంచు పడే రోజుల్లో తలుపు తీస్తే నాకన్నా ముందు మంచు లోపలికి వెళ్ళి నిలబడేది. ఒకసారి ఒకాయన మూటలకొద్దీ పాత చెప్పులు తెచ్చి, అన్నీ ఒకే గోడ వైపు తిరిగి ఉండేట్టు నేల మీద పేర్చాడు. ఎవరెవరివో చెప్పులు, వేళ్ళ గుర్తులు కూడా పోలేదు. ఆ నెలంతా నేను ఆ గోడకి వీపు ఆనించి కూర్చోలేదు. మేడం నవ్వారు, చెప్పులే కదా అన్నారు.

కిందటి చలికాలం మేడంకి ఒక ఆలోచన వచ్చింది. ఎప్పుడూ పట్నం వాళ్ళ బొమ్మలేనా, ఈసారి కొండల వాళ్ళది పెడదాం అన్నారు. నేను సవర దాన్నని, మాది పార్వతీపురం అవతల కొండ మీద ఊరని ఆవిడకి తెలుసు. మా ఇళ్ళల్లో గోడ బొమ్మలు రాసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. మావైపు బొమ్మ వేయడాన్ని రాయడమే అంటారు. మా పక్క ఊళ్ళో ఒక ముసలాయన ఉన్నాడు. నేనే కబురు పెట్టాను.

ఆ బొమ్మ సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. మాలో మనిషి పోతే ఆ మనిషికి గోడ మీద ఇల్లు రాస్తారు. గోడకి ఎర్రమట్టి అలికి, బియ్యప్పిండి నీళ్ళలో కలిపి, పుల్లతో రాస్తారు. నాలుగు గీతలు గీస్తే ఇల్లు. లోపల మనుషులు, కోళ్ళు, చెట్టు, పోయినవాళ్ళకి ఇష్టమైనవి ఉంటాయి. అంతా అయ్యాక పేరు పెట్టి పిలిచి, కింద కూడు పెడతారు. ఆ మనిషి వచ్చి అందులో ఉంటారు. ఏదైనా తక్కువైతే కలలోకి వచ్చి అడుగుతారు, అది కూడా రాసి కలుపుతారు. మనం చూసుకోవడానికి రాసే బొమ్మ కాదు అది.

మా అమ్మకి ఆ ఇల్లు లేదు. ఆవిడ పోయేనాటికి మా తమ్ముడు చర్చికి వెళ్తున్నాడు. మట్టి చేసి, సిలువ పాతి, ప్రార్థన పెట్టించి అంతా బాగానే జరిపించాడు. బొమ్మ సంగతి నేను ఎత్తితే, "అమ్మ దేవుడి కాడున్నాది అప్పా, గోడ మీద దానికేటి పని" అన్నాడు. మావైపు అక్కని అప్ప అంటారు. నేను పెళ్ళయి అరకు వచ్చేసినదాన్ని, వాడి ఇంటి గోడ గురించి గట్టిగా అనలేకపోయాను. ఏడేళ్ళు ఆ మాట మనసులో అలాగే ఉండిపోయింది. అందరి అమ్మలకీ ఇల్లుంది, మా అమ్మే బయట తిరుగుతోంది అనుకునేదాన్ని.

ముసలాయన పొద్దున బస్సుకి దిగాడు. మేడం చెప్పినట్టు నేను ముందురోజే పెద్ద గోడకి ఎర్రమట్టి అలికి ఉంచాను. సాయంత్రానికి జనం వస్తారని పోస్టర్లు కూడా అంటించేశారు. ఆయన పిండి కలిపి, పుల్ల నమిలి కుంచెలా చేసుకుని, గోడ ముందు కూర్చుని అడిగాడు.

"ఇది ఎవులి ఇల్లు?"

ఎవరిదీ కాదు, ఊరికే చూపించడానికి అన్నారు మేడం. ఆయన పుల్ల కింద పెట్టేశాడు.

"కాళీ ఇల్లు రాయకూడదమ్మా. రాసీసినామంటే ఎవులో ఒకలు దూరీత్తారు. మంచోలో సెడ్డోలో మనకేటి తెలుసు?"

మేడం ఎంత చెప్పినా ఆయన పుల్ల ముట్టుకోలేదు. చుట్ట తీసి వెలిగించుకోబోతే ఇక్కడ కాల్చకూడదన్నారు మేడం. దాంతో బయటికి వెళ్ళి కూర్చున్నాడు. మేడం నా వైపు చూశారు. నేను బయటికి వెళ్ళి ఆయన పక్కన కూర్చుని, చెవిలో మా అమ్మ పేరు చెప్పాను. మేడం పని ఆగిపోతుందని చెప్పానా, అమ్మకి ఇల్లు దొరుకుతుందని చెప్పానా, ఇప్పటికీ నాకు తెలీదు. ఎవరి పేరు చెప్పానో మేడంకి మాత్రం చెప్పలేదు. ఒప్పుకున్నాడు మేడం అన్నానంతే.

ఆయన ఇంకేమీ అడగలేదు. పొద్దు వాలేదాకా రాశాడు. ఇంటి మధ్యలో ఒక ఆడమనిషిని కూర్చోబెట్టాడు. నోట్లో చుట్ట, నిప్పు వైపు లోపలికి పెట్టుకుని. మా అమ్మ అలాగే కాల్చేది. మావైపు ముసలమ్మలు చాలామంది అలాగే కాలుస్తారు, అందుకే రాసుంటాడని సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ బొమ్మ ఎడమకాలు ముడుచుకుని, కుడికాలు చాపుకుని కూర్చుంది. అమ్మకి కుడి మోకాలు వంగేది కాదు. ఆ సంగతి నేను ఆయనకి చెప్పలేదు.

జనం వచ్చాక ముసలాయన ఆకుదొప్పలో అంబలి పెట్టి, అమ్మని పేరు పెట్టి గట్టిగా పిలిచాడు. మేడం చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. నాకు చేతులు రాలేదు.

మర్నాటి నుంచి జరిగినవి చెప్తాను. నేను రోజూ ఊడుస్తాను కాబట్టి ఆ హాల్లో దుమ్ము ఎక్కడ పడుతుందో నాకు తెలుసు. గ్యాలరీ ముందు రోడ్డు పని జరుగుతోంది, పొద్దున్నే నేలంతా ఎర్రగా ఉండేది. ఆ గోడ ముందు మాత్రం, ఒక మనిషి కాలు చాపుకుని కూర్చునేంత మేర, దుమ్ము ఉండేది కాదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా ఆ చోట నిలబడేవాళ్ళు కాదు. మధ్యలో జాగా వదిలేసి అటూ ఇటూ నిలబడి ఫొటోలు తీసుకునేవాళ్ళు. అక్కడ నిలబడొద్దని నేనెప్పుడూ చెప్పలేదు. మూడో రోజు నుంచి చుట్ట వాసన మొదలైంది. మేడం నన్ను పిలిచి ఎవరు కాలుస్తున్నారు అని అడిగారు. కనుక్కుంటానని చెప్పి వచ్చేశాను.

ఒకరోజు తెల్లవారుజామున కల వచ్చింది. అమ్మ నాకు వీపు పెట్టి కూర్చుంది. చేతిలో ఆకు ఉంది, తినడం లేదు. ఏటమ్మా అంటే తల తిప్పకుండానే అంది.

"ఇంతమంది సూత్తంటే ఎలాగ తింతానే?"

ఆ పొద్దున గంట ముందే వెళ్ళాను. పొయ్యి మీంచి దించిన అంబలి గిన్నె చీరకొంగుతో పట్టుకెళ్ళి గోడ కింద పెట్టి, తలుపు వేసి బయట కూర్చున్నాను. ఒక బీడీ కాల్చేంత సేపు కూడా కాలేదు, లోపలికి వెళ్ళాను. అంబలి పెట్టిందంతా అలాగే ఉంది. గిన్నె ముట్టుకుంటే చేయి జిల్లుమంది, రాత్రంతా మంచులో పెట్టినట్టు. అప్పటి నుంచి రోజూ అలాగే పెట్టేదాన్ని. భయం వేసేది. అయినా పెట్టకుండా ఉండలేకపోయేదాన్ని.

నెల తిరిగాక మేడం అన్నారు, సోమవారం పెయింటర్లు వస్తారు, ఆ గోడ మట్టి గీకేసి మళ్ళీ తెల్లగా చేస్తారు అని. హైదరాబాద్ నుంచి ఒకాయన గోడ మీద వీడియో వేస్తాడట, గోడ తెల్లగా ఉండాలట. అప్పుడు చెప్పాను, ఆ ఇంట్లో మా అమ్మ ఉంది మేడం అని. ఆవిడ కుర్చీలో కూర్చున్నారు.

"ఎవరిదీ కాదనే కదా నేను అనుకున్నాను. నువ్వు ఆరోజే చెప్పాల్సింది" అన్నారు.

అది నిజమే. ఆవిడ మంచిది, కానీ ఆ వీడియో ఆయనకి మాట ఇచ్చేశారు. ఆదివారం సాయంత్రం దాకా ఏం చేసుకుంటావో చేసుకో అన్నారు.

ముసలాయన ఊళ్ళో బడ్డీకొట్టుకి ఫోన్ చేసి ఆయన్ని పిలిపించాను. విని నవ్వాడు.

"ఏటే గుంటా, మియమ్మని కూకోబెట్టీసి ఇప్పుడు లెగమంటావా? ఇంకో ఇల్లు సూపించకుండా బతికున్న మడుసులనే కాళీ సేయించం గదా."

నాకు నలభై రెండేళ్ళు, ఆయనకి ఇంకా గుంటనే. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. ముందు నా ఇంట్లో గోడ అలికి సిద్ధంగా ఉంచాలి. అమ్మ కూర్చున్న చోట మట్టి గీకి గుడ్డలో కట్టి, పేరు పెట్టి రమ్మని పిలవాలి. వెనక్కి చూడకుండా నడవాలి. "దార్లో ఎవులితోనూ మాటాడకు. నీ గొంతు ఇనిపించినకాడ ఇల్లొచ్చీసింది అనుకుంటాది. అక్కడే దిగిపోతాది."

మా ఆయనకి చెప్పాను. కొండ వాగు దగ్గర నుంచి ఎర్రమట్టి తెచ్చి, మా రేకుల ఇంట్లో పొయ్యి పక్క గోడకి తనే అలికాడు.

ఆదివారం పొద్దున్నే గ్యాలరీ తీశాను. కొడవలి మొనతో గీకితే మట్టి పెళ్ళలుగా వచ్చింది. చాపిన కాలు, చుట్ట, తల, అన్నీ గుడ్డలో పడ్డాయి. అమ్మా రా, ఇల్లు మారుతున్నాం అని పేరు పెట్టి పిలిచాను. తాళం వేసి మూట గుండెకి ఆనించుకుని బయలుదేరాను. మా ఇంటికి అరగంట నడక. చుట్ట వాసన నా భుజం వెనకే వస్తోంది. ఎదురైనవాళ్ళు పలకరిస్తే తల ఊపాను. తెలిసినావిడ ఒకామె మూటలో ఏటే అని అడిగితే కూడా నోరు తెరవలేదు.

రైలు గేటు పడి ఉంది. ఆగాను. అప్పుడు ఫోన్ మోగింది. మేడం ఫోన్ అంటే నాకు చేయి దానంతటదే వెళ్తుంది, ఇన్నేళ్ళ అలవాటు.

తాళం ఎక్కడుంది అని అడిగారు.

"నాకాడే ఉన్నాది మేడం" అన్నాను.

అనేశాక తెలిసింది. ఇనుప రాయి గూడ్సు వచ్చింది. ఎన్ని పెట్టెలో, పోతూనే ఉంది. ఆ గాలికి కళ్ళలో దుమ్ము పడింది. గూడ్సు పోయాక వాసన లేదు. గాలికి కొట్టుకుపోయిందో, అమ్మే అక్కడ ఆగిపోయిందో. వెనక్కి చూడకూడదు కాబట్టి చూడలేదు. గేటు ఎత్తినా కాసేపు అక్కడే నిలబడ్డాను, ఎవరైనా నాతో నడుస్తారేమోనని.

ఇంటికి వెళ్ళి ఆ మట్టి తడిపి గోడకి మెత్తి, ఇల్లు నేనే రాశాను. గీతలు వంకరపోయాయి. కాలు చాపించాను, చుట్ట పెట్టాను. పేరు పెట్టి పిలిచి అంబలి పెట్టాను. గిన్నె ముట్టుకుంటే వేడిగానే ఉంది. చాలాసేపటికి, మామూలుగా ఎలా చల్లారుతుందో అలాగే చల్లారింది. ఆరోజు నుంచి అమ్మ కలలోకి కూడా రాలేదు.

ఇప్పుడు రెండు చోట్లా పెడుతున్నాను. ఇంట్లో ఒక దొప్ప, పనికి వెళ్తూ గేటు పక్కన రాయి మీద ఒక దొప్ప. గేటు దగ్గరది సాయంత్రానికి ఉండదు. కుక్కలున్నాయి, కాకులున్నాయి, ఏదీ చెప్పలేం.

ఇదంతా మొన్న తమ్ముడికి ఫోన్లో చెప్పాను. తిడతాడనుకున్నాను, ప్రార్థన చేసుకోమంటాడనుకున్నాను. వాడి ఇంట్లో కోడి అరుపు వినిపిస్తోంది.

"ఏ గేటు అప్పా?" అన్నాడు.

స్టేషను దాటాక మొదటిది అని చెప్పాను.