శ్రావణి కొప్పులో నేను పెట్టింది

2019 వేసవి. నల్గొండ బస్టాండు వెనక వీధిలో బ్యూటీపార్లర్ పెట్టి అప్పటికి పదకొండేళ్లు. పెళ్లికూతుళ్ల ముస్తాబులో నన్ను మించినవాళ్లు ఈ చుట్టుపక్కల లేరని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచింది.

శ్రావణి పెళ్లికి ఇరవై రోజుల ముందు వచ్చింది. మగ్గం నేసేవాళ్ల పిల్ల, బ్యాంకులో ఉద్యోగం. ఇప్పటి పిల్లలు ఫోన్లో ఏదో ఒక హీరోయిన్ తల చూపిస్తారు. ఈమె సంచిలోంచి వాళ్ల అవ్వ పెళ్లి ఫొటో తీసింది. నలుపు తెలుపు బొమ్మ. నడిమి పాపిట, చెవుల మీదికి అలలుగా దించిన జుట్టు, మెడ మీద ఒక పక్కకు ఒదిగిన పెద్ద కొప్పు, దాని చుట్టూ ఒకే వరస మల్లెలు. చూడగానే ముచ్చటేసింది. ఆ అలలను మేం ఫింగర్ వేవ్స్ అంటాం. తడి జుట్టును వేళ్లతో, దువ్వెనతో ఒత్తి, క్లిప్పులు పెట్టి ఆరనిస్తే వస్తాయి.

జడ విప్పితే నడుము దాటింది. మెచ్చుకుంటే నవ్వలేదు. ఇంటర్లో టైఫాయిడ్ వచ్చి జుట్టు రాలిపోతే గుండు చేయించారట. మళ్లీ ఇంత పెంచడానికి ఏడేళ్లు పట్టిందట. గుండు సంగతి మగపెళ్లివాళ్ల చెవిన పడింది. పెళ్లికొడుకు పెద్దమ్మ, ఆ పిల్లది సొంత జుట్టు కాదు, సవరమేనని చుట్టాలందరికీ చెప్పుకుంటూ తిరుగుతోందట. సవరమంటే జడలో కలిపి అల్లే పెట్టుడు జుట్టు.

"అక్కా, లోపట ఏం పెట్టకు. నా ఎంటికలతోని ఎంతైతే గంతే," అంది శ్రావణి. సరేనన్నాను.

పెళ్లి రోజు పొద్దున ఫంక్షన్ హాలు గదిలో అలలు చక్కగా కుదిరాయి. కొప్పు మాత్రం ఫొటోలో ఉన్నంత లావు రాలేదు. అవతల ఫొటోగ్రాఫర్ తలుపు కొడుతున్నాడు. నా బాక్సులో స్టఫింగ్ ఉంది. కొప్పు నిండుగా కనబడటానికి లోపల దాచే నల్లటి స్పాంజి ముద్ద అది. అందరికీ పెట్టేదే కదా అనుకున్నాను. అడిగితే వద్దంటుందని తెలుసు కాబట్టే అడగలేదు. పెట్టేసి, పిన్నులతో బిగించి, మల్లెలు చుట్టి అద్దం చూపించాను. అచ్చం అవ్వ లాగే ఉన్నానని పిల్ల మురిసిపోయింది.

ఎదుర్కోలు అయ్యాక మగపెళ్లివాళ్ల ఆడవాళ్లు పిల్లకు పూలు పెట్టడానికి గదిలోకి వచ్చారు. అందరికన్నా ముందు పెద్దమ్మ. పూలు తురమడానికి వేళ్లు అంత లోపలికి ఎందుకు పోవాలి? పోయాయి. గుంజింది. స్పాంజి ముద్ద సగం బయటికొచ్చింది.

"చూసిన్రా, నే చెప్పలే?" అని అందరి వైపూ తిరిగింది.

ఇప్పుడు రాస్తుంటే కూడా ఒళ్లు మండుతోంది. అంగట్లో ఎద్దు పళ్లు పట్టి చూసినట్టు ఆడపిల్ల జుట్టు గుంజి చూస్తారా? పైగా పెద్దమ్మ జడలోనే సవరం ఉందని నేను గుమ్మం దగ్గరే పసిగట్టాను. పైన నెరిసిన జుట్టు, కింద నిగనిగలాడే నల్లజడ. గురివింద గింజ తన నలుపు ఎరగదని ఊరికే అన్నారా! నోటిదాకా వచ్చిన మాట, పెళ్లి చెడుతుందని మింగేశాను.

అది నేను పెట్టిందేనని, పిల్లకు తెలియదని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. శ్రావణి నా వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపు నేను మరచిపోలేను. తర్వాత పిన్నులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. గంటన్నర పని ఊడిపోయింది. జుట్టంతా నడుము కిందికి జారింది. పెద్దమ్మకు వీపు పెట్టి నిలబడింది.

"ఇప్పుడు గుంజున్రి, అత్తమ్మా."

పెద్దమ్మ చెయ్యి లేవలేదు. మిగిలినవాళ్లు ముహూర్తం అవుతోందంటూ ఒక్కొక్కరే జారుకున్నారు.

మూలన కుర్చీలో కూర్చున్న శ్రావణి అవ్వ లేచి వచ్చి, పిన్ను లేకుండా జుట్టు మెలితిప్పి, ఒక నూలు పోగుతో ముడి వేసింది. చిన్న కొప్పు. మల్లెలు నేనే చుట్టాను. పెళ్లి జరిగింది.

భోజనాల దగ్గర అవ్వ పక్కన కూర్చుని, తప్పు నాదేనన్నాను. ఫొటోలో అంత పెద్ద కొప్పు ఉంది కదా, అలాగే రావాలని ఆశపడ్డానన్నాను. అవ్వ బోసినోటితో నవ్వింది.

"గా కొప్పు లోపట నూలు ఉండ ఉండె, బిడ్డా. మా అత్త పెట్టింది. పెడుతున్న, నీకు ఇష్టమేనా అని నన్ను అడిగి పెట్టింది."

పెద్దమ్మ మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు, చల్లారదు కూడా. కానీ ఆమె చేతికి ఆ ముద్ద అందించింది నేనే. ఆ పిల్ల నోరు తెరిచి చెప్పిన ఒక్క మాటను పెద్దమ్మకన్నా ముందు తీసిపారేసింది కూడా నేనే.

ఇప్పుడు స్టఫింగ్ బాక్సులో ఉంచను. అద్దం ముందు, పెళ్లికూతురికి కనబడేలా పెట్టి అడుగుతాను. వద్దంటే కొప్పు ఎంత చిన్నదైనా నా చెయ్యి అటు పోదు.