కడిగిన అడవి

నేను పుంగనూరులో ఒక పాత బడిలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసే రోజుల్లో, ఆఫీసు గదిలో ఒక నూనెరంగుల చిత్రం ఉండేది. ఎవరో దొర వదిలి వెళ్ళిందట. వెనక చెక్క మీది ఏడాదిని బట్టి పంతొమ్మిదో శతాబ్దానిదని తెలిసింది. ఆకులు రాలే కాలంలో ఏదో చలిదేశపు అడవి. చెట్లన్నీ పసుపు, తుప్పురంగు. నడుమ సన్నటి బాట, పొగమంచు. మా వైపు చెట్లు ఎండకు మాడిపోతాయే గానీ అంత అందంగా ఎప్పుడూ పండవు. అన్నం తిన్నాక రోజూ కాసేపు దాని ముందు నిలబడేవాణ్ణి.

ఒక సోమవారం వెళ్ళేసరికి, పెద్దపంజాణి నుంచి వచ్చే మా బడి ఆయమ్మ బకెట్టు పట్టుకుని దాని ముందుంది.

"సూడండి సార్, ఎంత మురికి పట్టిండాదో! రేపు ఆఫీసర్లు వస్తాండారు గదా, సబ్బేసి తోమినాను. ఆకులన్నీ పసుప్పచ్చగా మాసిపోయిండాయి."

బకెట్టులో నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. కుడివైపు సగం అడవి పోయి వట్టి గుడ్డ కనబడుతోంది. నేను బకెట్టు దూరంగా జరిపాను.

"తప్పు జేసినానా సార్?"

"ఇంక ముట్టుకోవద్దమ్మా" అన్నాను, అంతే.

శనివారం దాన్ని దుప్పటిలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని మదనపల్లె తీసుకెళ్ళాను. పటాలు కట్టే ముసలి సాయిబు చాలాసేపు చూశాడు.

"నేను సుట్టూ ఫ్రేము కట్టేవాణ్ణి సార్. లోపలిది నాకు రాదు. మీరు బొమ్మలేస్తారు గదా, మీరే ఎయ్యగూడదా?"

ఇంట్లో రంగులు కలిపాను. పసుపు కుదిరింది. ఆ చలి కుదరలేదు. నేనెన్నడూ చూసింది కాదు. వేసిన ఒక్క కొమ్మా సినిమా పోస్టరులా ఉంది. తుడిచేస్తుంటే పక్కనున్న పాత రంగు కూడా ఊడి వచ్చింది. కుంచె పక్కన పెట్టేశాను.

పాతదైపోయి రంగు రాలిందని హెడ్మాస్టరుకు చెప్పి, మళ్ళీ గోడకు తగిలించాను. ఆయన పట్టించుకోలేదు. ఆయమ్మ మాత్రం ఒకరోజు నన్ను వరండాలో ఆపింది.

"నేనే జేసినానని యాల జెప్పలేదు సార్?"

"చెప్తే రంగు తిరిగొస్తుందామ్మా?"

ఓదార్పుగానే అన్నాననుకున్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది.

తర్వాత నాకు కుప్పం బదిలీ అయింది. వెళ్ళే రోజు చూస్తే చిత్రం బీరువా వెనక, గోడవైపు తిప్పి ఉంది. ఎవరు పెట్టారో అడగలేదు. తీసి తగిలిద్దామంటే గోడకు మేకు కూడా లేదు. కాసేపు చేతుల్లో పట్టుకుని నిలబడి, అక్కడే ఆనించి బస్టాండుకు నడిచాను.