చాలూ ఉన్న గుడ్లు

నా చిన్నప్పుడు తెలంగాణ కోసం జనగామంత సమ్మె చేస్తుంటే, డ్యూటీల ఉన్నది మా కోడి ఒక్కటే. బడి బంద్, బస్సులు బంద్, మార్కెట్ బంద్. అది మాత్రం పెరట్ల గంప కింద గుడ్ల మీద కూసోని, నీళ్లకు తప్ప లేవకపోయేది. మొదటి పిల్ల నాకేనని మా అవ్వ మాట ఇచ్చింది. నేను దానికి పేరు కూడ పెట్టుకున్న. పుట్టకముందే పేరేందని అవ్వ తిడుతదని ఎవరికీ చెప్పలేదు.

ఒకనాడు పొద్దున్నే ఆ కోడిని కుక్క ఎత్తుకపోయింది. నేను గట్టిగనే ఏడ్చిన. కాని ఆ రోజుల్ల మా గల్లీల నినాదాలు అంతకంటె గట్టిగుండేవి, ఎవరికీ వినపడలేదు.

విన్నది అవ్వ కొడుకు, మా మేనమామ ఒక్కడే. జూనియర్ కాలేజీల ఫిజిక్స్ చెప్పేటోడు, సమ్మెల ఉన్నడు. పాఠం చెప్పక చాన రోజులైంది, నోరు దురద పెడుతున్నట్టుంది. అట్టపెట్టెల ఊక పోసి, గుడ్లు పేర్చి, పైన బల్బు వేలాడదీసిండు. ఒక గుడ్డును టార్చిలైటు ముందు పెట్టి చూపించిండు. లోపల సన్నటి నెత్తుటి దారాలు, నడుమ మినుకుమినుకుమనే చుక్క. "చాలూ ఉంది" అన్నడు, బాయి మోటరు నడుస్తుందని చెప్పినట్టు.

జరసేపటికే కరెంటు పోయింది. భూపాలపల్లి దిక్కు బొగ్గు బాయిలోళ్లు కూడ సమ్మెలనే ఉన్నరు. మామ పరేషాన్ అంతా ఇంతా కాదు. తిడుదామంటే తెలంగాణ, తిట్టకుంటే గుడ్లు.

సీసాలల్ల వేడినీళ్లు పోసి, పాత చీరె ముక్కలు చుట్టి పెట్టెల పెట్టినం. వేడి ఎంతుండాల్నో మామ నాకు నేర్పిండు. గుడ్డును కనురెప్పకు ఆనించాలె. చల్లగ తగలొద్దు, సుర్రుమనొద్దు. మన ఒంటి లెక్కనే ఉండాలె. ఏ వస్తువైనా దాని మానాన వదిలేస్తే చల్లారుతది, చెదిరిపోతది. పానమున్నది మాత్రం ఇటు వేడిని తీసుకోని అటు వదులుకుంట, నడుమ తనను తాను సర్దుకుంటది. ఆ పారకం ఆగితే అది కూడ రాయి లెక్కనే. ఇదంత చెప్పి, దీన్ని ఉష్ణగతిక శాస్త్రం అంటరన్నడు.

అవ్వకు ఆ మాటల్ల ఉష్ణం ఒక్కటే అర్థమైంది. "వేడి చేసిందా కొడుకా? సబ్జ గింజలు నానబెడుత ఆగు" అన్నది.

ఆ మధ్యాహ్నం రోడ్డు మీద వంటావార్పు. రోడ్డుకడ్డం పొయ్యిలు పెట్టి, అక్కడనే వండుకోని తినుడే నిరసన. ఇంటిల్లిపాదీ పోయినం, గుడ్ల పెట్టె కూడ మాతోనే వచ్చింది. పొయ్యి సెగ తగిలీ తగలనంత దూరంల దాన్ని పెట్టి కూసున్నం. కోడి లేకుంటే గుడ్డు లేదు, గుడ్డు లేకుంటే కోడి లేదు, మరి అందరికంటె ముందు చాలూ చేసింది ఎవరని మామను అడిగిన.

మామ పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం గంజు చూపించిండు. గింజలు నడుమ నుంచి పైకి లేచి, అంచుల పొంటి కిందికి పోయి, మళ్ల నడుమకొస్తున్నయ్. ఎవరూ గంటె పెట్టలేదు. మామ పొయ్యిల కట్టెలు బయటికి గుంజిండు. గింజలు మెల్లగై, నిలబడ్డయ్. వేడి పారుతుంటే ఎవరూ చెప్పకున్నా వరుస పడుతదట. మొట్టమొదటి పానం కూడ ఏ వేడినీళ్లల్లనో గిట్లనే మొదలైందని కొందరంటరట.

"అది ఇంకా తేలలేదనుకో" అన్నడు.

"తేలేదాక జనం పస్తుండాల్నా సారూ? కట్టెలు లోపలికి నూకు" అన్నది వండుతున్న పక్కింటి అక్క.

మామ కట్టెలు నూకుతుండంగ, అక్క కండ్లు మా పెట్టె మీద పడ్డయ్. ఎవరో పుణ్యాత్ములు ఉద్యమానికి గుడ్లు ఇచ్చిన్రనుకుంది. పెట్టె ఎత్తుకోని మసులుతున్న నీళ్ల దిక్కు పోయింది.

"ఆగు! గవి చాలూ ఉన్నయ్!" అని మామ అరిచిండు.

ఏమన్నడో ఎవరికీ అర్థం కాలేదు. అలవాటు కొద్ది అందరూ "జై తెలంగాణ!" అన్నరు.

నేను ఉరికి పెట్టెకు అడ్డం పడ్డ. అక్క గుడ్లనూ నన్నూ మార్చి మార్చి చూసి, "గుడ్ల కోసం గింత లొల్లా? తెలంగాణకు కూడ గింత కొట్లాడలేదు గదనే పోరీ" అన్నది. మామ మాత్రం పాఠం ఆపలేదు. మసిలే నీళ్లది కూడ వేడేనట, కోడి కడుపుది కూడ వేడేనట. ఒకటి ఉడకబెడుతది, ఒకటి పుట్టిస్తది, ఎంత అన్నదే తేడా అట.

చివరికి పిల్లయింది ఒక్కటే. మిగతావి మురిగి, వాసనతో ఇల్లంత లేపినయ్. మొదటి పిల్ల నాదన్న మాట కాబట్టి పంచాయితీ రాలేదు. తడి ఈకలతో వణుకుతున్న దాన్ని కనురెప్పకు ఆనించుకున్న. నా ఒంటి లెక్కనే ఉండి, తగిలినట్టే లేదు.

తెలంగాణ వచ్చింది. కరెంటు ఇప్పటికీ అప్పుడప్పుడు పోతది. పోయినప్పుడు అందరూ ఫోన్ల లైటు కోసం వెతుకుతరు. నేను పక్కన కూసున్న అవ్వ చెయ్యి గుంజుకోని కనురెప్పకు ఆనించుకుంట.

"ఏందే, నేనేమన్న గుడ్డునా?" అని గుంజుకుంటది అవ్వ.

చాలూ ఉంది.