మా ప్రోగ్రాంకు ప్రహరీ గోడ

ఇది చదివి నవ్వలేక మీరు కుర్చీలోనుంచి కింద పడితే నాకు సంబంధం లేదు. ఆ రోజు నా కుర్చీకే దిక్కు లేదు.

ఆదోని పత్తి మిల్లులో నేను గుమాస్తాను. మామూలు గుమాస్తా అనుకునేరు. నేను దగ్గితే తూకం రాళ్లు సర్దుకొని కూర్చునేవి. అట్లాంటి నన్ను మా సావుకారు పిలిచి, లెక్కలన్నీ కంప్యూటర్‌లోకి పోతాండాయి, నేర్చుకుంటే కుర్చీ నీది, లేకుంటే నేర్చినోళ్లది అన్నాడు. దాంతో నలభై దాటినాక, ఎమ్మిగనూరులో మా ఇంటి వెనక సందులోని సాయంత్రం క్లాసులో, నా కొడుకు ఈడు పిల్లల నడుమ పెండ్లికొడుకు మాదిరి కూర్చున్నాను.

మొదటి హోంవర్కు, పత్తి బేళ్ల బరువులు ఇస్తే కూడి చూపించే ప్రోగ్రాం. సార్ చెప్పిన వరుసలన్నీ తు.చ. తప్పకుండా కొట్టినాను. అయితే మేము కిరాణా చీటీ రాసినా పైన దేవుని పేరు లేనిదే రాయము కదా. అందుకని అన్నిటికంటే ముందు, ఇంగ్లీషు అక్షరాల్లో, 'శ్రీ ఉరుకుంద ఈరన్న స్వామి ప్రసన్న' అని పెట్టినాను. నడిపిస్తే తెర మీద ఎండుమిరపకాయలు ఆరబోసినట్లు ఎర్రక్షరాలు. తప్పు మొదటి వరుసలోనే ఉందంట!

"సార్, ఈ మిషన్‌కు భక్తి లేదు" అన్నాను.

సార్ మంత్రాలయం పక్కాయన. తాతల నాటి నుంచి గుడి సేవలో ఉన్న ఇల్లు. చెరిపే మీట దాకా పోయిన ఆయన వేలు, కాలిన పెనాన్ని తాకినట్లు వెనక్కి వచ్చింది.

"ఆ వరుస నువ్వే తీసెయ్యప్పా."

"నా చేత్తో నేను తీస్తే కండ్లు పోతాయి సార్. గురువులు, మీరు తీయండి."

"నా కండ్లు పోతే నీకు పాఠం ఎవరు చెప్తారు?"

పిల్లలను అడిగినాడు. ఒకనికి మొక్కుంది, ఇంకొకనింట్లో పెండ్లి ఉంది. చివరకు అందరి చూపూ దేవనకొండ నుంచి వచ్చే రూతు మీద పడింది. చర్చికి పోయే పిల్ల కదా, ఆ పాపకేమి అని.

"నేను తీయను సార్. రేపు మీ ఇంట్లో కరెంటు పోయినా రూతే తీసిందంటారు" అనింది తలెత్తకుండా.

తీయకుండానే దారి చూపింది. ఆ వరుసకు ముందర మూడు కొటేషన్ గుర్తులు, వెనక మూడు పెడితే, మధ్యలో ఉన్నదాంతో మిషన్ పని చేయించదంట. దండం పెట్టుకొని ముందుకు పోతాదంట.

"గుడి గోడలనుకో అన్నా."

అంతే, నా బుర్రలో గంట మోగింది. చెప్పినంతే చేస్తే నేను నేనెట్లయితాను? దేవునికి గుడి కట్టి నా లెక్కను ఎండలో నిలబెట్టేదా? ముందరి గుర్తులు దేవుని పేరుకు ముందు పెట్టి, వెనకటి గుర్తులు ప్రోగ్రాం ఆఖరున పెట్టినాను. అందరికీ కలిపి ఒకటే ప్రహరీ! నడిపిస్తే ఒక్క ఎర్రక్షరమూ రాలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంటి వెనక సందులోనే రెండూ గెలిచేసి, వచ్చి చూసుకోమని సావుకారుకు ఫోన్ చేసినాను.

మరుసటి సాయంత్రం కారులో వచ్చినాడు. రొమ్ము విరిచి మీట నొక్కినాను. తెర తలనీలాలు ఇచ్చిన గుండు మాదిరి నున్నగా ఉంది.

"మొత్తం బరువు యాడప్పా?"

"తప్పు యాడుందో చూపించండి సావుకారూ. వెతికినా దొరకదు."

రూతు వంగి చూసింది. "అన్నా, దేవునితో పాటు లెక్కను కూడా లోపల పెట్టి మూసినావు. పని చేసేదానికి బయట ఒక్క వరుసా లేదు" అనింది. ఆఖరున ఉన్న గోడను దేవుని పేరు పక్కకు జరిపింది. బేళ్ల బరువు టక్కున వచ్చి నిలబడింది.

సావుకారు తెరనూ నన్నూ మార్చి మార్చి చూసినాడు.

"తప్పు చేయదు, పనీ చేయదు, పైన మాత్రం దేవుని పేరు. అచ్చం నీ మాదిరే తయారు చేసినావు కదప్పా."

అయినా నా కుర్చీ తీయలేదు. మిల్లులో దాని పక్కనే ఇంకొక కుర్చీ వేయించి రూతును కూర్చోబెట్టినాడు. గర్వంగానే చెప్తున్నాను: అచ్చం తన పోలికతో ప్రోగ్రాంను కన్నవాడు ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య నేనొక్కడినే. ఇక తూర్పు తిరిగి ప్రమాణం చేస్తున్నాను, మీరే సాక్షులు: ఈ జన్మలో మళ్లీ దేవుని గుడిలోకి నా పనిని తోలను. ఆయన లోపల ఉంటాడు, నేను బయట ఉంటాను. పని రూతు చేస్తాది.