చుక్కి మేసిన చోటు

పోయిన వారం షోళింగనల్లూరులో, రాత్రంతా కురిసిన వాన తెరిపిచ్చిన పొద్దున, మా సైటు ప్రహరీ పక్కన కొత్తగా లేచిన మట్టికుప్ప నుంచి ఒక వాసన వచ్చింది: కుళ్ళిన ఆకు, తడి వేరు, వాటి కింద కాస్త మూత్రపు ఘాటు. పందికొక్కు బొరియ. పోసిన మట్టి రోలరు కింద ఎంత గట్టిపడిందో పరీక్షించడం నా ఉద్యోగం. మట్టి కదలకపోతేనే నాకు నెమ్మది. ఆ వాసన తగిలినప్పటి నుంచి మాత్రం ఒకచోట కూర్చోలేకపోతున్నాను.

వ్యాసర్పాడిలో మా ఇంటి వెనక, రైల్వే యార్డు కంచె పొడుగునా గడ్డినేల ఉండేది. ఎండాకాలంలో డీజిలు వాసన కొడుతూ గోధుమరంగుకు తిరిగేది. దీపావళి వచ్చే ఐప్పసి నెలలో వానలు పడగానే తుంగ, గరిక, పేరు తెలియని పసుపుపూల తీగ ఒకదాన్నొకటి తోసుకుంటూ లేచేవి. దాని నిండా పందికొక్కుల బొరియలే. ఆ మట్టికుప్పలు మా ఆటల్లో కోటలు, దీపావళికి చిచ్చుబుడ్లు నిలబెట్టే పీటలు. అవ్వ, అంటే మా నాన్నమ్మ, పాలు పోసే ఇళ్ళ నుంచి వచ్చిన అరిసెల్లాంటి అదిరసాలు మేం వాటి మీద కూర్చునే తిని, నూనె చేతులు గడ్డికి తుడుచుకునేవాళ్ళం.

నొసట తెల్లమచ్చ ఉన్న ఆవును పెంచేది అవ్వ. పేరు చుక్కి. ఎక్కడ విడిచినా దాని మూతి బొరియల వైపే. తాజా కుప్ప బోడిగా ఉండేది; పాతబడిన కుప్పల చుట్టూ మాత్రం గరిక ఉంగరంలా, ముదురుపచ్చగా, మెత్తగా లేచేది. కారణం నేను చదువుకున్నాకే తెలిసింది. తవ్వినప్పుడు అడుగుమట్టి పైకొస్తుంది. లోపలికి లాక్కెళ్ళిన ఆకులు, పెంటికలు, మూత్రం కలిసి వేళ్ళకు నత్రజనిని అందిస్తాయి. గుల్లబారిన నేలలోకి నీళ్ళు దిగుతాయి. మంచుకొండల పచ్చికల్లో బొరియజీవులు చేసేదీ దాదాపు ఇదేనట. అవ్వకు ఇవేవీ పట్టేవి కావు. ఆమె లెక్కలో పందికొక్కు, మా వీధి మాటలో పెరుచ్చాళి, బియ్యం దొంగ.

చుక్కి చూలుతో ఉన్న ఏడు చిన్నాన్నకు కుదురు లేకుండా పోయింది.

"కాలు బొరియలో పడిందంటే ఆవూ పోతుంది, దూడా పోతుంది. అన్నీ పూడ్చేద్దామమ్మా," అన్నాడు.

"పూడ్చేసి దానికి నీ లుంగీ పెడదామా? ఆడనే గదరా అది మేసేది," అంది అవ్వ.

"పెరుచ్చాళికి సపోర్టా నువ్వు?"

"దాని మొహం. నా ఆవు నోటికి సపోర్టు."

ఒక సాయంత్రం చుక్కి ముందుకాలు మోకాలి దాకా దిగబడింది. నాన్న, చిన్నాన్న రొమ్ము కింద గోనెసంచి వేసి పైకి లేపారు. ఎముక విరగలేదు, కుంటింది. అవ్వ గిట్ట కడిగి పసుపు అద్ది, వాళ్ళ వైపు చూడకుండానే, "పూడ్చేయండిరా, ఒక్కటి కూడా ఉండకూడదు," అంది. ఇటుకముక్కలు, కంకర, సిమెంటు పెళ్ళలు కూరి ఇంటిల్లిపాదీ తొక్కాం. పందికొక్కులు ఎటో వెళ్ళిపోయాయి. చుక్కి సుఖంగా ఈనింది. బెల్లం, మిరియాలు వేసి వండిన ఆ జున్ను గిన్నె అంచుల్ని వేలితో గీకి తిన్నాం.

మరుసటి వానలకు నీళ్ళు నేలలోకి దిగక మడుగులు కట్టాయి. గరిక పలచగా, పసుపుగా వచ్చింది. బొరియలు పోవడమొక్కటే కారణమని రాయలేను, యార్డు లారీలు కూడా ఆ నేలను తొక్కాయి. చుక్కి మాత్రం పూడ్చిన చోట్లన్నీ మూచూసి, పలుపు బిగిసేదాకా ముందుకు గుంజి, చివరికి గోడల మీది పోస్టర్లు పీకి తినడం నేర్చింది. పాలు తగ్గాయి. దూడకే చాలేవి కావు.

"కాలైతే కాపాడుకున్నాం. కడుపు సంగతి చూళ్ళేదు," అంది అవ్వ. ఆవునూ దూడనూ గుమ్మిడిపూండిలో ఉన్న తన తమ్ముడి ఇంటికి తోలించేసింది. ఆ తరవాత కూడా చాన్నాళ్ళు, పొద్దు వాలగానే పలుపు చేత పట్టుకుని కంచె పొడుగునా నడిచేది. అడిగితే, "ఊరికే," అనేది.

అవ్వ ఇప్పుడు లేదు. ఆ గడ్డినేల మీద సిమెంటు పరిచారు.

పోయిన వారం సైటులో ఆ బొరియ చూపించి, "మూసేసేదా సార్?" అని రోలరు నడిపే మనిషి అడిగాడు. మూసేయమన్నాను. అక్కడ కట్టడం నిలవాలి. మధ్యాహ్నానికి వాసన కూడా లేదు. అయినా కాళ్ళు ఆగక ప్రహరీ చుట్టూ తిరిగి వచ్చాను. గోడ అవతల, మా హద్దు దాటాక, మరో పాత కుప్ప చుట్టూ గరిక ఉంగరంలా లేచి ఉంది. దాని కొసలను ఏ ఆవూ ముట్టలేదు.