చలి బావిలో ఈత, మిగిలిన ఒక్క చెవి

కోవిల్‌పట్టి వైపు చలికాలపు బావి ఈతకు వెళ్లాలనుకునే వారి కోసం ఇది రాస్తున్నాను. నాకు ఎడమ చెవి చిన్నప్పుడే చీముపట్టి పోయింది. మిగిలింది కుడిది ఒక్కటే. అయినా మా అక్క భర్త, వాళ్ల ఊళ్లో ఈత పందెం ఉంది రమ్మని కబురు పెట్టగానే కాళ్లు నిలవలేదు. "ఆ ఒక్క చెవినీ పోగొట్టుకొని వస్తే, నా మాట వినే పనే లేదు మీకు" అని మా ఆవిడ ఎత్తిపొడిచింది. నవ్వాను గానీ లోపల భయమే వేసింది.

విరుదునగరంలో తెల్లవారి రైలెక్కితే ఎండ ముదరకముందే కోవిల్‌పట్టి చేరవచ్చు. మూడో తరగతికి ఎనిమిది అణాలుంటే చాలు. అక్కడి నుంచి తూర్పుగా ఆరు మైళ్లు ఎద్దులబండి. వానకు తడిసిన నల్లరేగడి చక్రాలను పట్టేయడంతో రెండు గంటలు పట్టింది. "ఈ చలిలో బావిలో దిగేదా సామీ? నీళ్లు ఎముకల్ని కొరకతాయి" అన్నాడు బండివాడు.

నేను పత్తి మండీలో పోగు పొడవు చూసి ధర కట్టేవాణ్ని. పత్తితో కాని పని లేదని మా వాళ్ల ధీమా. ఏరి తెచ్చుకున్న మేలిరకం దూదిని బావిగట్టున చెవుల్లో కుక్కుకుంటుంటే, అక్కడ కూర్చున్న బావగారి పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఎండు దూది నీళ్లు తాగతాది నాయినా. చన్నీళ్లు చెవిలో నిలిస్తే తల తిరగతాది. నడిబావిలో తిరిగితే ఏమి చేస్తావు?"

"మరేం చేసేది పెద్దమ్మా?"

ఆమె నా నోటి వంకే చూసింది. దూదిని నువ్వుల నూనెలో ముంచి పిండి, చెవి వాకిట్లో మాత్రం అద్ది, పైన గుడ్డ కట్టింది. "తల పైకెత్తి ఈదు. ఇది పెట్టుకొని అడుక్కి మునగొద్దు. లోపల పగిలిపోతాది."

బావిలో మూడు చుట్లు ఈది, చివర మునిగి అడుగు మట్టి తెచ్చినవాడిదే గెలుపు. మూడు చుట్లూ నేనే ముందున్నాను. మునగాల్సినప్పుడు మెట్టు పట్టుకుని ఆగిపోయాను. అందరూ నవ్వారు. సిగ్గేసింది, కానీ పైకొచ్చి దూది తీస్తే కుడి చెవి లోపల పొడిగా ఉంది.

వెనక నుంచి పెద్దమ్మకు కృతజ్ఞతలు చెప్పాను. ఆమె తిరగలేదు.

"ఆమెకు వినబడదప్పా" అన్నాడు బావ. "చిన్నప్పుడు ఈ బావిలోనే దూది పెట్టుకొని మునిగింది. రెండూ పోయినాయి. నోరు చూసి మాట తెలుసుకుంటాది."

ఎదురుగా వెళ్లి కాళ్లకు మొక్కాను. "మీ వల్ల నా చెవి నిలిచింది" అని నిదానంగా చెప్పాను.

"అట్లయితే విని చెప్పు. పక్క బావిలో ఎద్దులతో కపిల తోలి నీళ్లు తోడతా ఉండారు గదా, గిలక ఇంకా అరస్తా ఉందా?"

విన్నాను. "అరుస్తోంది పెద్దమ్మా" అన్నాను. ఆమె ముఖం విప్పారింది.

తనకు దక్కనిది నాకు దక్కించిన ఆ తల్లికి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. చన్నీళ్లలో దిగేవారికి ఒక్కటే మాట: దూదికి నూనె పట్టించి తల పైన ఉంచి ఈదండి, మునిగే పందెం మాత్రం ఇంకొకరికి వదిలేయండి.